సోఫాకీ టీవీకీ మధ్య పది అడుగులు

(విజయవాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ సెమినార్ హాల్లో, విద్యార్థులూ వాళ్ల తల్లిదండ్రులూ కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంత ఎండలో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకి మరీ మరీ నమస్కారం.

నాది గవర్నర్‌పేటలో కంప్యూటర్ల షాపు. సిస్టమ్స్ అసెంబుల్ చేస్తాను, రిపేర్లు చేస్తాను. ఇరవై రెండేళ్లయింది. నిర్వాహకులు నన్ను కంప్యూటర్లో ఆట బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఏది కొనాలో చెప్పమని పిలిచారు. ఆ సంగతి ఇవాళ చెప్తే ఆర్నెల్లకి పాతబడిపోతుంది. అందుకని వాళ్ల అనుమతి తీసుకుని వేరే విషయం ఎంచుకున్నాను. సిస్టమ్ మీద ఆడే ఆటని బెడ్‌రూమ్‌లోంచి హాల్లోకి, టీవీ ముందుకి తీసుకురావడం. తెచ్చాక అది కన్సోల్‌కి, అంటే టీవీకి తగిలించి ఆడే ఆటల యంత్రానికి, దీటుగా నిలబడాలంటే ఏం చెయ్యాలి అన్నది.

మా చిన్నప్పుడు ఆట హాల్లోనే ఉండేదండీ. సత్యనారాయణపురంలో మా ఇల్లు. వేసవి సెలవుల్లో నాన్న బీసెంట్ రోడ్డులో ఒక వీడియో గేమ్ కొనిపెట్టారు. దాంతో రెండు జాయ్‌స్టిక్కులు, ఒక పసుపు రంగు క్యాసెట్టు. టీవీ వెనక యాంటెన్నా వైరు పీకి దీని వైరు గుచ్చి, బొమ్మ తేలేదాకా ఛానెల్ తిప్పేవాళ్లం. క్యాసెట్టు పట్టకపోతే తీసి ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టేవాళ్లం. అది 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫామికామ్ అనే యంత్రానికి నకలు అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. దాని కథ ఎలా ఉన్నా, ఆ రెండో జాయ్‌స్టిక్కు మాత్రం మా అక్కది. పక్కింటి పిల్లలు వరసలో కూర్చునేవాళ్లు. అమ్మ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ మంచం మీద నుంచి చూసేది. ఎవరు ఎంతసేపు ఆడారో ఇంట్లో అందరికీ తెలుసు.

తర్వాత నెట్ సెంటర్లొచ్చాయి. గంటకింత అని కట్టి, వరసగా కూర్చుని కౌంటర్ స్ట్రైక్ ఆడిన తరం ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. ఆ తర్వాత బీటెక్ సీటు రాగానే ఇంట్లో సిస్టమ్ కొనడం మొదలైంది. చదువు కోసం కొన్నది కాబట్టి చదువుకునే గదిలో పెట్టారు. ఆట కూడా దాంతోపాటు ఆ గదిలోకి పోయి తలుపేసుకుంది. ఇప్పుడు నా షాపుకొచ్చే తండ్రులు అడిగే మొదటి ప్రశ్న, "మావాడు లోపల ఏం చేస్తున్నాడో తెలియడం లేదండీ, ఏదైనా లాక్ పెట్టగలరా?" అని. నేను లాక్ పెట్టిస్తాను. కానీ నా మనసులో ఉన్న మాట వేరు. ఆ ఆటని మీ కళ్ల ముందుకి, సోఫా ముందుకి తెచ్చుకోండి అన్నదే నా మాట.

సరే, హాల్లోకి అంటే కన్సోల్ కొనుక్కుంటే పోయె కదా అంటారు. కొనుక్కోవచ్చు, మంచి యంత్రం. నేను దానికి వ్యతిరేకిని కాను. సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది, డిస్కు పెట్టే మోడల్ అప్పుడు 49,990 రూపాయలు. సోనీ సొంత ఆట ఒక్కోటి అప్పట్లో 4,999 దాకా. ఆన్‌లైన్‌లో ఇంకొకళ్లతో ఆడాలంటే, ఉచితంగా వచ్చే ఆటలు తప్పిస్తే, ఏటా మళ్లీ చందా కట్టాలి. సిస్టమ్ మీద ఆ చందా లేదు. ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో 2015 నుంచి ధరలు రూపాయల్లోనే ఉన్నాయి, సేల్ పెట్టినప్పుడు మంచి ఆటలు సగానికీ అంతకన్నా తక్కువకీ దొరుకుతాయి. పైగా ఆ సిస్టమ్ మీ ఇంట్లో ఇప్పటికే ఉంది. అబ్బాయి ప్రాజెక్టు చేసేదీ, అమ్మాయి క్లాసులు వినేదీ దాని మీదే.

ఇంకో మాట. లోపల చూస్తే ఈ రెండిటికీ పెద్ద తేడా లేదు. 2001లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్ కన్సోల్‌లో ఉన్నది 733 మెగాహెర్ట్జ్ ఇంటెల్ ప్రాసెసర్, ఎన్‌విడియా గ్రాఫిక్స్. డైరెక్ట్ఎక్స్ అనే విండోస్ భాగం పేరు మీదే ఆ పెట్టెకి ఆ పేరొచ్చింది. 2013లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండూ ఏఎండీ ప్రాసెసర్లతోనే వచ్చాయి, అవి మన సిస్టమ్స్‌లో నడిచే జాతివే. మరి లోపల ఒకటే అయితే, కన్సోల్ హాల్లో దర్జాగా కూర్చుంటే, సిస్టమ్ ఎందుకు కూర్చోలేకపోయింది?

దీనికి జవాబు నాకు ఒక కస్టమర్ ఇంట్లో దొరికింది. కొన్నేళ్ల కిందట మొగల్రాజపురంలో ఒకాయనకి మంచి సిస్టమ్ కట్టి, హాల్లో టీవీకి తగిలించి ఇచ్చాను. ఆటలన్నీ చక్కగా నడిచాయి. నెల తర్వాత వేరే పని మీద వెళ్తే, ఆ క్యాబినెట్ మీద పూల గుడ్డ కప్పి, దాని మీద కొండపల్లి బొమ్మ పెట్టి ఉంది. కీబోర్డేదండీ అని అడిగితే ఇంటావిడ బీరువా మీదకి చూపించారు. విషయం ఏంటంటే, సిస్టమ్ ఆన్ చెయ్యగానే పాస్‌వర్డ్ అడుగుతుంది. దానికి కీబోర్డు కావాలి. కీబోర్డు సోఫాలో ఉంటే చిన్నపాప దాని మీద నీళ్లు పోస్తుందని బీరువా ఎక్కించారు. పిల్లాడు స్టూలు వేసుకుని దించుకోవాలి. లోపలికి వెళ్లాక టీవీ మీద చీమ తలకాయంత అక్షరాలు. మౌసు పెట్టుకోడానికి సోఫా మీద చోటు లేదు, మెత్త మీద అది కదలదు. ఒకరోజు ఆట మధ్యలో అప్‌డేట్ అని రీస్టార్ట్ అయింది. ఆ రోజుతో గుడ్డ కప్పేశారు.

నేను ఆ ఇంటికి ఇచ్చింది చాలా శక్తి ఉన్న యంత్రం. ఆ ఇంటివాళ్లు వాడగలిగే యంత్రం ఇవ్వలేదు. ఆ తప్పు నాది, యంత్రంది కాదు. ఆ రోజు నుంచి నేను హాల్లో సిస్టమ్ పెట్టాలంటే కార్డు సంగతి తర్వాత, ముందు సోఫాలో కూర్చుని చూస్తాను. సోఫాకీ టీవీకీ మధ్య సుమారు పది అడుగులుంటాయి. ఆ పది అడుగుల్లోనే ఉంది విషయమంతా.

ఈ పని పెద్ద స్థాయిలో నెత్తికెత్తుకున్నది వాల్వ్ అనే కంపెనీ. 1996లో అమెరికాలో పుట్టింది. స్టీమ్ దుకాణం 2003లో తెరిచింది. 2012 డిసెంబరులో స్టీమ్‌లో బిగ్ పిక్చర్ అని ఒక పద్ధతి పెట్టారు. స్క్రీన్ మొత్తం పెద్ద పెద్ద బొమ్మలు, పెద్ద అక్షరాలు, అన్నీ జాయ్‌స్టిక్కుతోనే. దూరం నుంచి చదవడానికి. 2013 సెప్టెంబరులో ఒకే వారంలో మూడు ప్రకటనలు చేశారు. లైనక్స్ మీద, అంటే విండోస్‌కి బదులుగా వాడే వ్యవస్థ మీద, నడిచే స్టీమ్ ఓఎస్, హాల్లో పెట్టుకునే స్టీమ్ మిషన్లు, రెండు టచ్‌ప్యాడ్లున్న కొత్త కంట్రోలర్, అంటే జాయ్‌స్టిక్కే. 2014 జనవరిలో లాస్ వెగాస్ ప్రదర్శనలో పదికి పైగా కంపెనీలు తమ తమ పెట్టెలు చూపించాయి. 2015 నవంబరులో అమ్మకానికి వచ్చాయి. నిలబడలేదు. 2018 కల్లా స్టీమ్ దుకాణం ముందు పేజీ నుంచి వాటి పేరే తీసేశారు. 2019లో ఆ కంట్రోలర్ కూడా ఆపేశారు.

ఎందుకు పోయింది అన్నదాని మీద నేను చాలా ఆలోచించాను, ఎందుకంటే నేనప్పుడు దాని మీద గట్టి ఆశ పెట్టుకున్నాను. ఒకటి, ధరలు. 500 డాలర్ల దగ్గర మొదలై 6,000 డాలర్ల దాకా పెట్టెలు చూపించారు. కన్సోల్ కొనేవాడు దుకాణానికి వెళ్లి ఒకటివ్వండి అంటాడు. వీటిలో ఏది కొనాలో తెలియాలంటే మళ్లీ నాలాంటివాడిని అడగాలి. కానీ అసలు దెబ్బ అది కాదు. ఆటలు లేవు. సిస్టమ్ ఆటలన్నీ విండోస్ కోసం రాసినవి. లైనక్స్ మీద నడవాలంటే ఆ ఆట కంపెనీ కూర్చుని మళ్లీ తయారు చెయ్యాలి. జనం లేనిదే వాళ్లు చెయ్యరు, ఆటలు లేనిదే జనం రారు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టయింది.

ఈ ముడి విప్పింది 2018 ఆగస్టులో వచ్చిన ప్రోటాన్. దీన్ని మన పిల్లలకి ఎలా చెప్తానంటే, ఇది దుబాసీ. ఆట విండోస్ భాషలో అడుగుతుంది, డైరెక్ట్ఎక్స్‌లో "ఈ గోడ మీద ఈ నీడ పడాలి" అంటుంది. ప్రోటాన్ మధ్యలో నిలబడి ఆ మాటని లైనక్స్‌కి అర్థమయ్యే వల్కన్ భాషలోకి అప్పటికప్పుడు మార్చి గ్రాఫిక్స్ కార్డుకి చేరుస్తుంది. వైన్ అనే పాత ప్రాజెక్టు మీద కట్టారు. ఎక్కడెక్కడివాళ్లో ఏళ్ల తరబడి పని చేసి, రాసిందంతా అందరికీ తెరిచి పెట్టిన ప్రాజెక్టు అది. కంప్యూటర్ సైన్స్ పిల్లలు ఆ కోడ్ తెరిచి చూడండి, మీకు సెమిస్టర్‌లో చెప్పేదానికన్నా ఎక్కువ నేర్పుతుంది. ఆ దుబాసీ వచ్చాక ఆట కంపెనీని బతిమాలాల్సిన పని పోయింది. దాని మీద నమ్మకంతోనే 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్ తెచ్చారు, చేతిలో పట్టుకుని ఆడేది. నిద్రపుచ్చే బటన్ నొక్కితే ఆట అక్కడే ఆగుతుంది, మళ్లీ నొక్కితే అక్కడి నుంచే నడుస్తుంది. ఈ ఒక్క బటన్ కోసం ఎన్నేళ్లు పట్టిందో చూడండి. 2025 నవంబరులో మళ్లీ స్టీమ్ మిషన్ ప్రకటించారు. ఈసారి పది కంపెనీలవి కాదు, వాల్వ్ సొంతంగా చేసినదే. జానెడు పొడవు కూడా లేని నల్లటి పెట్టె, 2.6 కిలోలు, లోపల 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్‌కి విడిగా 8 జీబీ. నాకు వాటికన్నా నచ్చింది, కంట్రోలర్‌తో యంత్రాన్ని లేపొచ్చు, టీవీకి బొమ్మ పంపే హెచ్‌డీఎంఐ వైరులోంచే టీవీని కూడా లేపొచ్చు. మామూలు గ్రాఫిక్స్ కార్డుల్లో చాలావాటికి ఇవాళ్టికీ ఆ రెండోది చేతకాదు.

ఆ పెట్టె కోసం కూర్చోనక్కర్లేదు. మీ ఇంట్లో ఉన్న సిస్టమ్‌తోనే చెయ్యొచ్చు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్తాను, రాసుకునేవాళ్లు రాసుకోండి.

ముందు టీవీ. ఇది జనం అస్సలు పట్టించుకోరు. టీవీ అనేది సినిమాలు చూపించడానికి చేసింది. వచ్చిన ప్రతి బొమ్మనీ పట్టుకుని రంగులు దిద్ది, అంచులు నునుపు చేసి, అప్పుడు చూపిస్తుంది. సినిమాకి పర్వాలేదు. ఆటలో మీరు బటన్ నొక్కాక బొమ్మ ఎగరడానికి ఆలస్యమవుతుంది. సెకనుకి 60 బొమ్మలొచ్చే ఆటలో ఒక్కో బొమ్మకి 16.7 మిల్లీసెకన్లు. టీవీ సోకులకే 100 మిల్లీసెకన్లు పోతే, మీరు ఆరు బొమ్మల వెనక ఉన్నట్టు. పిల్లాడు "నా కార్డు చాలట్లేదు, కొత్తది కావాలి" అంటాడు. కార్డు కాదు నాన్నా, టీవీ. రిమోట్ తీసుకుని పిక్చర్ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టండి. పైసా ఖర్చు లేదు.

నమ్మకపోతే కొలుచుకోండి. ఇదిగో, ఈ ఫోన్‌లో స్లో మోషన్ పెట్టాను, సెకనుకి 240 ఫ్రేములు. నా బొటనవేలూ, ఆ తెరా రెండూ ఒకే బొమ్మలో పడేలా పట్టుకుని బటన్ నొక్కుతున్నాను. ఇప్పుడు వీడియోని ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. వేలు దిగింది... ఇంకా లేదు... ఇంకా లేదు... అదిగో ఎగిరాడు. మధ్యలో 24 ఫ్రేములు లెక్కొస్తే 100 మిల్లీసెకన్లు. గేమ్ మోడ్ పెట్టి మళ్లీ లెక్కపెట్టండి, తేడా మీకే తెలుస్తుంది. షాపుకొచ్చే ప్రతి పిల్లాడికీ నేను ఇది చేసి చూపిస్తాను.

రెండోది వైరు. సిస్టమ్ హాల్లోనే ఉంటే మామూలు హెచ్‌డీఎంఐ వైరు చాలు. వేరే గదిలో ఉంటే, దాన్ని కదపకుండా ఆటని మాత్రం టీవీకి పంపొచ్చు. ఆండ్రాయిడ్ టీవీలో స్టీమ్ లింక్ యాప్ వేసుకోండి, 2018 నుంచి ఉంది. లేదంటే సిస్టమ్‌లో సన్‌షైన్, టీవీలో మూన్‌లైట్ అనే ప్రోగ్రాములు వేసుకోండి, రెండూ ఉచితమే. ఆట అక్కడ నడుస్తుంది, వీడియో ఇక్కడికొస్తుంది, మీరు నొక్కింది అక్కడికి వెళ్తుంది. మన ఇళ్లలో చిక్కేంటంటే ఇటుక గోడలు, పైన సిమెంటు శ్లాబు. 5 గిగాహెర్ట్జ్ వైఫై రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో అపార్ట్‌మెంట్ మొత్తం వైఫైలు ఒకదాన్నొకటి కొట్టుకుంటూ ఉంటాయి. అందుకే చేతులెత్తి చెప్తున్నాను, కానూరు, పోరంకి, తాడేపల్లి వైపు ఇల్లు కట్టుకుంటున్నవాళ్లెవరైనా ఉంటే, ఇప్పుడే ప్రతి గది నుంచీ టీవీ దగ్గరికి ఒక పైపు వేయించి క్యాట్ 6 అనే నెట్ వైరు లాగించండి. కరెంటు వైర్ల పైపులో కాదు, విడిగా. గోడలు పూశాక ఎంత ఏడ్చినా లాభం లేదు.

కంట్రోలర్ బ్లూటూత్ మాటిమాటికీ పోతోందంటే డాంగిల్, అంటే ఆ సిగ్నల్ కోసం యూఎస్‌బీలో గుచ్చే చిన్న ముక్క, ఎక్కడుందో చూడండి. క్యాబినెట్ వెనక, నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుల పక్కన ఉంటుంది. ఆ పోర్టులు పని చేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్‌లో గోల చేస్తాయని ఇంటెల్ 2012లోనే పత్రం రాసి పెట్టింది. చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ని ముందుకి తెస్తే చాలు.

ఇక బీరువా మీది కీబోర్డు. హాల్లో సిస్టమ్‌లో ఆటల కోసం విడిగా ఒక అకౌంట్ పెట్టండి, ఆన్ కాగానే పాస్‌వర్డ్ లేకుండా అందులోకే వెళ్లేలా. మీ బ్యాంకు పనులూ ఫైళ్లూ ఉండే అకౌంట్‌కి పాస్‌వర్డ్ ఉంచండి. స్టీమ్ తనంతట తాను తెరుచుకుని నేరుగా బిగ్ పిక్చర్‌లోకి వెళ్లేలా పెట్టండి. అప్‌డేట్లకి మీరు ఆడని వేళలు చూపించండి. స్లీప్‌లోంచి కంట్రోలర్‌తో లేవడం మాత్రం కాస్త పేచీ. మదర్‌బోర్డూ, డాంగిలూ, విండోస్ సెట్టింగూ మూడూ ఒప్పుకుంటేనే జరుగుతుంది. కొనే ముందే అడిగి కొనండి. ఈ పని మీద మైక్రోసాఫ్ట్ కూడా ఇప్పుడు దృష్టి పెట్టింది, 2025 అక్టోబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్ అలై చేతి యంత్రంలో విండోస్ డెస్క్‌టాప్ కనబడకుండా నేరుగా ఆటల తెర వస్తుంది.

షోకేసు అరలో తలుపేసి మాత్రం పెట్టకండి. మే నెలలో మన ఊరి వేడి మీకు నేను చెప్పాలా? వెనకా పక్కలా గాలి ఆడేలా చోటు వదలండి.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పు తమ్ముడూ.

(ఒక విద్యార్థి: అన్నా, స్టీమ్ ఓఎస్ వేసుకుంటే వాలరెంట్ నడుస్తుందా?)

నడవదు. ఆటలో మోసాలు పట్టుకోడానికి ఆ కంపెనీ పెట్టిన ప్రోగ్రామ్ విండోస్ లోతుల్లోకి వెళ్లి కూర్చుంటుంది, లైనక్స్‌లో దానికి చోటు లేదు. ఫోర్ట్‌నైట్ కూడా అంతే. ఏపెక్స్ లెజెండ్స్ నడిచేది, 2024లో ఆపేశారు. అవి ఆడేవాడివైతే విండోస్‌లోనే ఉండు. నిజానికి అవి మౌసుతో, బల్ల ముందు కూర్చుని ఆడే ఆటలు. వాటిని హాల్లోకి లాగమని నేను చెప్పను. హాల్లోకి నలుగురూ ఆడేవి తెచ్చుకో. ఇట్ టేక్స్ టూ అని ఉంది, తెర రెండు భాగాలవుతుంది, ఇద్దరూ కలిసి ఆడితే తప్ప ముందుకి కదలదు. మీ చెల్లితో ఆడు. హైదరాబాదులో ఉన్న మీ బావతో ఒకే సోఫాలో కూర్చున్నట్టు ఆడాలంటే స్టీమ్‌లో రిమోట్ ప్లే టుగెదర్ ఉంది, ఆట నీ దగ్గరుంటే చాలు, అతను కొనక్కర్లేదు.

(ఒక తల్లి: బాబూ, కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి వస్తే ఇది పాడైపోదా?)

మంచి ప్రశ్న అడిగారమ్మా, దీన్ని నేనే మర్చిపోయాను. పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ అయితే ఇప్పటి సిస్టమ్ పవర్ సప్లైలు కొన్ని దాని మీద నిలబడవు, టక్కున ఆగిపోతాయి. సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఉండాలి. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్చి ఉంటుంది, అది వెయ్యండి, అప్పుడు కరెంటు మారేటప్పుడు రెప్పపాటు కూడా పట్టదు. ఆడేటప్పుడు సిస్టమ్ ఒక్కటే మూడు నాలుగు వందల వాట్లు లాగొచ్చు, టీవీ దానికి అదనం. ఫ్యాన్లూ లైట్లూ కలుపుకుని మీ ఇన్వర్టర్ తట్టుకుంటుందో లేదో లెక్క చూడండి. తట్టుకోకపోతే చిన్న యూపీఎస్ విడిగా పెట్టండి, ఆట సేవ్ చేసుకుని ఆపుకునేంత వ్యవధి ఇస్తే చాలు.

(అదే తల్లి: మరి నేను వార్తలు చూసుకోవాలంటే వీళ్లు వదులుతారా?)

కంట్రోలర్ మధ్యలో గుండ్రటి బటన్ ఉంటుందమ్మా. అది నొక్కి మెనూ తెచ్చుకుని, ఆట ఆపి, టీవీ రిమోట్‌తో ఇన్‌పుట్ మార్చుకోండి. వాడు వేరే గదిలో ఉన్నా మీరే చెయ్యొచ్చు, వాడిని పిలవక్కర్లేదు. ఇది మీకు చేతనవ్వాలి. మీకు చేతకాకపోతే నేను పెట్టిన సిస్టమ్ ఇంకా పూర్తి కానట్టే, నాకు ఫోన్ చెయ్యండి.

టీ వచ్చిందంటున్నారు. ఈ బల్ల మీద సిస్టమ్ ఆన్‌లోనే ఉంది, ప్రొజెక్టర్‌కి తగిలించాను. నాలుగు కంట్రోలర్లకీ ఛార్జింగ్ ఉంది. టీ తాగేసి పెద్దవాళ్లు ముందు వరసలోకి రండి, పిల్లలు తర్వాత. కీబోర్డు నేను తీసుకురాలేదు.